సబ్సిడీ పట్టాకా, చెమటకా?

ఎరువుల సబ్సిడీ ఎత్తేస్తే రైతు బతకడని ఒకరు అంటున్నారు. సబ్సిడీలు ఇట్లాగే పోతే ఖజానా బతకదని ఇంకొకరు అంటున్నారు. పేపర్ల నిండా, టీవీల నిండా ఈ రెండు మాటలే. ఈ తగువులో అటూ ఇటూ కూర్చున్నవాళ్ళ ఇంటిపేర్లు ఒక్కసారి చూడండి. రెండు పక్కలా అవే కులాలు కనపడతాయి. ఒకాయన హైదరాబాదులో ఆర్థిక నిపుణుడు, ఇంకొకాయన జిల్లాలో రైతు నాయకుడు. పండక్కి ఇద్దరూ పోయేది పల్లెకే. అక్కడ ఇద్దరి పొలాల్లో వంగి నాటేసేది మన ఆడవాళ్ళే.

మనల్ని ఎవరూ అడగలేదు. అడక్కపోయినా మనం మాట్లాడాలి. ఎందుకంటే సంస్కరణ పేరుతో ఇప్పుడు జరుగుతున్నది సబ్సిడీని తగ్గించడమూ కాదు, పెంచడమూ కాదు. దున్నేవాడి చేతిలో నుంచి తీసి పట్టా వున్నవాడి ఖాతాలో వెయ్యడం. ఈ సంగతి ఇద్దరిలో ఎవరూ చెప్పడం లేదు.

ముందు రైతు అంటే ఎవరో తేల్చుకుందాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో సాగుదార్లు 11 కోట్ల 88 లక్షలు, వ్యవసాయ కూలీలు 14 కోట్ల 43 లక్షలు. అంటే పొలంలో వున్నవాళ్ళలో సగం కంటే ఎక్కువ మంది కూలీలే. కేంద్ర ప్రభుత్వం 2007లో జాతీయ రైతు విధానం అని ఒకటి ప్రకటించింది. స్వామినాథన్ కమిషన్ చెప్పిన దాన్నిబట్టి రాసింది. అందులో రైతు అనే మాటకు అర్థం చెప్పేటప్పుడు కౌలుదారునీ, పాలుకు చేసేవాడినీ, వ్యవసాయ కూలీనీ కూడా కలిపే రాశారు. కాగితం మీద మనం రైతులమే! పైసలు పంచే నాడు మాత్రం పాసుబుక్కు తెమ్మంటారు.

మన దగ్గర పాసుబుక్కు ఎందుకు లేదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. దేశ జనాభాలో షెడ్యూల్డు కులాల వాళ్ళం 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన సాగులో వున్నది దేశంలోని సాగుభూమిలో 9 శాతం లోపే. అదీ ఎకరం, అరెకరం ముక్కలు. చాలావరకు అసైన్డు భూములు, రాళ్ళూ రప్పలూ, చెరువు శిఖాలు. సీలింగు చట్టం 1973లోనే వచ్చింది. వచ్చే నాటికే ఆసాములు పాలేర్ల పేర్ల మీద, దూరపు చుట్టాల పేర్ల మీద రాసుకుని సర్దుకున్నారు. తన పేరు మీద ఎంత భూమి వుందో తెలియకుండానే చచ్చిపోయిన పాలేర్ల కథలు ఏ వూళ్ళోనైనా పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.

ఇప్పుడు ఎకరాల లెక్కన డబ్బులు పంచడం ఎట్లా వుంటుందో చూద్దాం. తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలుపెట్టారు. ముందు పంటకు ఎకరానికి 4 వేలు, ఆ తర్వాత 5 వేలు. ఎన్ని ఎకరాలుంటే అన్నింటికీ. పరిమితి లేదు. కౌలుదార్లకు లేదని అప్పటి ముఖ్యమంత్రి బహిరంగంగానే చెప్పాడు. 50 ఎకరాల ఆసామికి ఏడాదికి 5 లక్షలు, ఎకరం వున్న మాదిగ రైతుకు 10 వేలు, ఆ 50 ఎకరాల్లో కలుపు తీసిన మన తల్లికి సున్నా. 2023 చివర ప్రభుత్వం మారేనాటికి ఇట్లా పంచింది 70 వేల కోట్లు దాటింది. లబ్ధిదార్లలో నూటికి తొంభై మంది 5 ఎకరాల లోపు వాళ్ళే కదా అని ఆనాడు జవాబు చెప్పేవాళ్ళు. తలకాయలు లెక్క పెడితే నిజమే. పైసలు లెక్క పెట్టి చెప్పమంటే వినరు. లిస్టులోకే ఎక్కని తలకాయల సంగతి అసలు ఎత్తరు.

2025 జనవరి 26న కొత్త ప్రభుత్వం దాని పేరు రైతు భరోసా అని మార్చి, ఎకరానికి ఏడాదికి 12 వేలు చేసింది. లేఅవుట్లకు, గనులకు ఇవ్వబోమన్నది. మంచిదే. అదే రోజు భూమిలేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని ఇంకొకటి పెట్టింది. కూలీని కూడా లెక్కలోకి తీసుకున్నందుకు దాన్ని మేం కాదనం. ఇన్నేళ్ళకు ఒక ప్రభుత్వం ఆ మాట పలికింది. ఎంత ఇచ్చిందో కూడా చూడాలి కదా. కుటుంబం మొత్తానికి ఏడాదికి 12 వేలు. అంటే దొర పొలంలో ఒక ఎకరం ఎంతో, మన ఇంటిల్లిపాదీ అంత. ఆయన 20 ఎకరాలు 20 కూలీ కుటుంబాలతో సమానం! ఆ ఎకరానికి షరతు లేదు, బీడుగా పడివున్నా సాగుకు పనికొస్తుందంటే చాలు. మనకు మాత్రం 2023-24లో ఉపాధి హామీలో 20 రోజులు పని చేసినట్టు లెక్క వుండాలి. ఇంకో తిరకాసు కూడా వుంది. పది గుంటల పట్టా వున్న మన మనిషి భూమిలేనివాడు కాదు గనక ఆత్మీయ భరోసాకు పనికిరాడు. రైతు భరోసా కింద ఆ పది గుంటలకు ఏడాదికి వచ్చేది 3 వేలు. వున్న చారెడు నేల అతని పాలిట శిక్షయింది.

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడాదికి 6 వేలు మూడు విడతల్లో. అందులో ఎకరాల లెక్క లేదు, ఎంత భూమి వున్నా అంతే. అంతవరకు నయమే. కానీ భూమి తన పేరు మీద లేనివాడు అక్కడా రైతు కాడు.

చావుకు కూడా పట్టా అడిగే దాకా వచ్చింది వ్యవహారం. 2018 ఆగస్టు 15న తెలంగాణలో రైతు బీమా పెట్టారు. 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు. మంచి పథకం, ఎందరో ఆడబిడ్డల్ని రోడ్డున పడకుండా ఆపింది. కానీ నాలుగెకరాలు కౌలుకు పట్టి, పత్తి పోయి, అప్పులవాళ్ళు ఇంటి మీదికొస్తే మందు తాగిన కౌలు రైతు దాని కిందికి రాడు. అతని భార్యకు ఆ 5 లక్షలు రావు. పొలం అసలు యజమాని పట్నంలో నిద్రలో పోయినా ఆయన ఇంటికి వస్తాయి. 2022లో రైతు స్వరాజ్య వేదిక చేసిన సర్వేలో తెలంగాణలో సాగు చేసేవాళ్ళలో ముగ్గురికొకరు కౌలుదార్లేనని, రాష్ట్రంలో సుమారు 22 లక్షల మంది వుంటారని తేలింది. ఇంతమందిని లేనట్టు చెయ్యడానికి ఒక కాలమ్ కొట్టేస్తే సరిపోయింది. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ వుండేది. 2020లో ధరణి వచ్చినప్పుడు అది ఎగిరిపోయింది. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ పుట్టినరోజున, ధరణి పోయి భూభారతి వచ్చింది. రోజు మంచిదే ఎంచుకున్నారు.

ఇక అసలు విషయానికి వద్దాం. పాత సబ్సిడీలు ఎట్లాంటివి? యూరియా బస్తా వుంది. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు అమ్మమని ప్రభుత్వం రేటు కట్టింది. అసలు ఖర్చు దానికి చాలా రెట్లు, మిగతాది కేంద్రం కంపెనీకి కడుతుంది. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల దాకా పోయింది. ఇందులో కంపెనీలు తిన్నది ఎంతో వుంది, పెద్ద రైతు ఎక్కువ బస్తాలు ఎత్తుకుపోయేదీ నిజమే. యూరియా చౌక, మిగతావి ప్రియం కావడంతో నేలంతా యూరియా మయమై పాడయిందని నిపుణులు చెప్పేదీ అబద్ధం కాదు. అయినా ఒక్క గుణం వుంది దానికి. బస్తా కులం అడగదు, పట్టా అడగదు. కౌలుకు చేసే మాల రైతు అంగట్లో 266 రూపాయలు పెడితే అతనికీ అదే బస్తా వస్తుంది. దున్నేవాడెవడో వాడికే సబ్సిడీ చేరుతుంది.

ఇప్పుడు నిపుణులు ఏం చెబుతున్నారు? బస్తా మీద సబ్సిడీ వద్దు, ఆ డబ్బు నేరుగా రైతు ఖాతాలో వేద్దాం అని. 2015లో శాంతకుమార్ కమిటీ ఎరువుల మీద నియంత్రణ తీసేసి, దానికి బదులు హెక్టారుకు సుమారు 7 వేలు రైతుకు నగదుగా ఇమ్మని సిఫారసు చేసింది. హెక్టారుకు! మనిషికి కాదు. బస్తా ధర పెరుగుతుంది, ఆ ధర కట్టేది కౌలుదారు. పరిహారం పోయేది పట్టాదారు ఖాతాకు. దళారులు లేకుండా నేరుగా అందించడం అంటారు దీన్ని. మధ్యలో పొలం యజమానే దళారీ అవుతున్నాడని వాళ్ళకు తట్టదు. తట్టినా చెప్పరు.

దీని రుచి కొంచెం 2025 వానాకాలంలోనే చూశాం. తెలంగాణలో యూరియా కొరత వచ్చి జనం తెల్లారుజామునే చెప్పులూ, పాసుబుక్కులూ లైన్లో పెట్టుకుని కూర్చున్నారు. పాసుబుక్కు అడిగిన చోట కౌలుదారు గతేమిటి? ఆసామి గడప ముందు నిలబడి, నీ పుస్తకం ఒకసారి ఇయ్యి పటేలా అని బతిమాలుకోవాలి. ఒక్క బస్తాకే ఇట్లా వుంటే, సబ్సిడీ అంతా ఆ పుస్తకంలోకి పోయిన రోజు ఎట్లా వుంటుందో ఊహించుకోండి.

అట్లాగని సబ్సిడీలు వున్నవి వున్నట్టే వుండాలని జెండాలు పట్టే రైతు సంఘాల వెనకాల నడవమంటారా? ఆ సంఘాల చరిత్ర మనకు తెలియనిది కాదు. ఆనకట్టలు కట్టింది ప్రజల డబ్బుతో. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆ నీళ్ళు, ఆ తర్వాత హరిత విప్లవం ఎరువులు, బ్యాంకు అప్పులు, 2004 నుంచి ఉచిత కరెంటు, ఇవన్నీ భూమి వున్న చోటికే పారాయి. ఆ మిగులుతోనే వాళ్ళు సినిమా హాళ్ళు, కాలేజీలు, కాంట్రాక్టులు పెట్టారు, అసెంబ్లీ నింపారు. ఆ మిగులు పొగరెక్కినప్పుడే 1985లో కారంచేడు, 1991లో చుండూరు. సబ్సిడీ అంటే మనకు ఉత్త ఆర్థిక శాస్త్రం కాదని అందుకే అంటున్నాం.

పంజాబు సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 సెప్టెంబరులో కేంద్రం మూడు సాగు చట్టాలు చేసింది. పంజాబు రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుని పోరాడారు, 2021 నవంబరులో ప్రభుత్వం మెడలు వంచి చట్టాలు రద్దు చేయించారు. ఆ పోరాటానికి మనం మద్దతిచ్చాం, ఇవ్వడం సరైనదే. మార్కెట్ యార్డు, ప్రభుత్వ కొనుగోలు పోతే రేషను బియ్యం కూడా పోతుంది గనక. కానీ అదే 2020 జూన్‌లో అదే పంజాబులో ఏం జరిగింది? కరోనా వల్ల బీహారు కూలీలు రాకపోతే, స్థానిక దళిత కూలీలు నాటు రేటు పెంచమన్నారు. చాలా వూళ్ళలో పంచాయతీలు కూర్చుని ఇంతకు మించి ఇవ్వొద్దని రేటు కట్టాయి. ఎక్కువ అడిగినవాళ్ళను వెలేస్తామని తీర్మానాలు రాశాయి. జనాభాలో మూడో వంతుకు దగ్గరగా దళితులున్న రాష్ట్రం అది. ప్రభుత్వం తమకు మద్దతు ధర ఇవ్వాలి, తాము మాత్రం కూలీకి మద్దతు ధర ఇవ్వరు. రైతు ఐక్యత చీల్చకండి అని మనకు నీతులు చెప్పే కామ్రేడ్లు ఈ తీర్మానాలు కూడా ఒకసారి చదవాలి.

ఆంధ్రలో కౌలుదార్లను గుర్తించామని చెప్పుకుంటారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది. యజమాని సంతకం లేకున్నా రెవెన్యూవాళ్ళు విచారించి సాగుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వొచ్చు. అమలు అంతంత మాత్రమే అయినా చట్టంలో ప్రాణం వుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పేరులో హక్కులున్నాయి, లోపల 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం వుండాలన్నారు. ఆ ఏడే మొదలైన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు ఏడాదికి 13,500 ఇస్తామన్నారు. మన పేరు పెట్టి మనకు ఇచ్చిన పథకమే, తాళంచెవి మాత్రం కామందు మొలతాడుకు కట్టారు. సంతకం పెడితే రేపు భూమి నీదంటావేమోనని ఆయన భయం. ఎకరానికి పాతిక బస్తాల కౌలు ముందే ఖాయం చేసుకుని, నష్టమంతా మనకు వదిలేసిన మనిషికి ఒక కాగితం అంటే అంత భయం!

ఇక కూలి సంగతి. సబ్సిడీ మీద ట్రాక్టర్లు ఇచ్చారు, తెలంగాణలో యంత్రలక్ష్మి అని పేరు కూడా పెట్టారు. వరికోత మిషన్లు వచ్చాయి, కలుపు మందు వచ్చింది. కోతలో పదిహేను ఇరవై రోజులు దొరికే పని రెండు మూడు రోజుల్లో అయిపోతోంది. చాకిరీ తగ్గితే మనకూ సంతోషమే, నడుం విరిగే పని మీద మాకేం మోజు లేదు. కానీ మిషను కొన్న ఆసామికి సబ్సిడీ ఇచ్చిన సర్కారు, ఆ మిషను వల్ల పని పోయిన ఆడమనిషికి ఏమిచ్చింది? ఒక్క ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకంతోనే మన వాడల్లో కూలి రేటు కొంచెం లేచింది. అప్పటి నుంచి ఆసాముల ఏడుపు ఒకటే, కూలీలు దొరకడం లేదని. ఆ ఏడుపు ఢిల్లీ దాకా వినపడింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో ఇంకో చట్టం ఆమోదించింది. రోజులు 100 నుంచి 125 చేశామన్నది. దాంతో పాటే విత్తే కాలంలో, కోసే కాలంలో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపే వీలు రాసింది. అంటే మనం రేటు అడగ్గలిగే రోజుల్లోనే మనకు వేరే పని లేకుండా చెయ్యడం. ఇదీ రైతు సబ్సిడీయే. బడ్జెట్టులో కనపడదు, మన కూలిలో నుంచి కోసి ఇచ్చే సబ్సిడీ.

మరి మనం ఏమనాలి? సబ్సిడీలు కొయ్యమనకూడదు. ఎరువు ప్రియమైతే ఆసామి మొదట కోసేది మన కూలినే, తగ్గించనిది కౌలునే. పెంచండి అని వూరికే అనకూడదు, పెరిగింది ఎవరి ఖాతాకు పోతుందో అడగాలి. ఎకరాల లెక్క తీసేసి మనుషుల లెక్క పెట్టాలి. ఒక కుటుంబానికి ఇంత అని హద్దు గీస్తే, ఆ హద్దు పైన మిగిలేది కూలీలకూ కౌలుదార్లకూ పోవాలి. యజమాని సంతకం అక్కర్లేకుండా గ్రామసభలో పదిమంది ముందు ఎవరు దున్నుతున్నారో రాసే పద్ధతి రావాలి. 2011 చట్టంలో వున్నదే ఇది, కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు. దున్నేవాడిని రాసే దాకా ఎరువుల సబ్సిడీని బస్తా మీద నుంచి కదపనివ్వకూడదు. బీమా సాగుదారుకూ, కూలీకీ వర్తించాలి.

ఇవన్నీ చిల్లర, అసలు భూమి అడగండి అని మనలో కొందరు మిత్రులు అంటారు. భూమి సంగతి మరిచిపోయింది ఎవరు? బాబాసాహెబ్ 1947లోనే రాజ్యాంగ సభ కోసం రాసిన పత్రంలో భూమి అంతా ప్రభుత్వపరం చేసి, కులం చూడకుండా వూరివాళ్ళకు సాగుకివ్వాలని, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే తేడాలే వుండకూడదని అడిగాడు. కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫారసులు ఇచ్చింది. 2014లో తెలంగాణలో దళితులకు మూడెకరాలు అన్నారు, కొన్ని వేల కుటుంబాల దగ్గర ఆగిపోయింది. భూమి అడుగుతూనే వుంటాం. కానీ ఒక్క మాట. ఎకరానికి ఏడాదికి 12 వేలు ఇంట్లో కూర్చుంటే వస్తుంటే ఏ ఆసామి భూమి అమ్ముతాడు? ప్రభుత్వం కొని మనకిద్దామన్నా ధర అందుతుందా? పట్టాకు కట్టిన ప్రతి రూపాయీ భూమిని మనకు ఇంకా దూరం జరుపుతోంది. అందుకే ఈ రెండూ వేరు వేరు పోరాటాలు కావు.

వచ్చే నాట్లకు ముందే మన వాడల్లో ఒక పని చేద్దాం. సాయంత్రం పని నుంచి వచ్చాక నలుగురు చదువుకున్న పిల్లల్ని కూచోబెట్టి వూరి సర్వే నంబర్లు ముందు పెట్టుకోండి. ఏ నంబరు ఎవరి పట్టా, దున్నుతున్నది ఎవరు, కౌలు ఎంత, పాలు ఎంత, సబ్సిడీ ఎవరికి పడింది, ఇవన్నీ రాయండి. కూలీకి పోయే ఆడవాళ్ళ పేర్లు మొగుళ్ళ పేర్ల కింద కాకుండా విడిగా రాయండి, ఎన్ని రోజులు పని దొరికిందో పక్కన వెయ్యండి. ఆ కాగితం గ్రామసభలో చదివి, తీర్మానం పుస్తకంలో ఎక్కించమని అడగండి. ఎక్కించనంటే, ఎవరు ఎక్కించనన్నారో ఆ పేరు కూడా దాని కిందనే రాయండి. నకలు ఒకటి తహసీల్దారుకు ఇచ్చి రశీదు తీసుకోండి, ఇంకొకటి మాకు పంపండి.